ఎదురింటి పిల్ల కొలతకు కుట్టిన లంగాలు

మొన్న పూణేలో ఉండే మా మనవరాలికి ఫోనులోనే కొని ఒక గౌను పంపినాను. అది చేరిన కాసేపటికే పిల్ల తొడుక్కోని ఫోనులో కనపడి, ఇటు తిరిగి అటు తిరిగి చూపించింది. మెడ కాడ బిగువుగా ఉందంటే అమ్మిన కంపెనీ వాళ్లే మార్చి ఇంకొకటి ఇస్తారంట, దానికీ మనిషి ఇంటికే వస్తాడంట. బాగుంది తల్లీ అని ఫోను పెట్టేసినాను గానీ ఆ పొద్దంతా నాకు అన్నం సయించలేదు. నా ఈడు వాళ్లు మీరు, ఎందుకో చెబితే వింటారని చెబుతున్నాను.

మా అమ్మ పోయేటప్పటికి నాకు మూడేండ్లు. నాయనకు ఖరగ్‌పూరులో రైల్వే ఉద్యోగం. నన్ను చూసుకోవడానికి మేనత్తను తోడు పెట్టుకోని అక్కడికే తీసుకపోయినాడు. జమ్మలమడుగులో మా అవ్వకు, అంటే అమ్మను కన్న తల్లికి, వేరే సంతానం లేదు. ఒక్కగానొక్క కూతురి గుర్తుగా మిగిలినదాన్ని నేను, ఆ నేనేమో రైళ్లు మారి మారి పోతే గానీ అందని చోట పడితిని. పిల్ల తనను మరిచిపోతుందేమో అనేదే ఆమె దిగులు, ఆ దిగులునంతా మూట కట్టి పోస్టులో పంపేది.

పాత పంచె గుడ్డలో చుట్టి, దబ్బనంతో కుట్టి, లక్క ముద్రలు వేయించిన ఆ మూట విప్పితే చెనక్కాయల ఉండలు, మజ్జిగ మిరపకాయలు, వాటి అడుగున మిరపకాయల వాసన పట్టిన ఒక లంగా, రవికె ఉండేవి. అవ్వ వాళ్లది నేత ఇల్లు, బట్ట తాత మగ్గం మీదిదే. కొలత యాడిదంటారా? ఎదురింట్లో నేను పుట్టిన వారంలోనే పుట్టిన పిల్ల ఒకతె ఉండేది. మా అవ్వ ఆ పిల్లను పిలిచి నిలబెట్టుకోని కుట్టి, ఒకసారి తొడిగి చూసి, విప్పి నాకు పంపేది. ఒకీడు పిల్లలు ఒకే తీరున పెరుగుతారని ఆమె నమ్మకం, ఆ వీధి నమ్మకమే అది. తొడిగినప్పుడు ఆ పిల్ల తల నిమిరి నా పేరు పెట్టి పిలిచేదంట. ఆ సంగతి తర్వాత ఆ పిల్లే నాతో చెప్పింది.

అయితే అవి కరువు ఏండ్లు. వానలు లేవు, నేసిన చీర కొనే నాథుడు లేడు, గంజి పోసే చోట జనం సత్తు గిన్నెలు పట్టుకోని వరసగా కూచునేవాళ్లు. ఎదురింటి పిల్ల పెరగాల్సినంత పెరగలేదు. నేనేమో రైల్వే ఊర్లో రేషను గోధుమలు తిని తాటిచెట్టు మాదిరి సాగినాను. రానురాను లంగాలు పొట్టివయినాయి, రవికెలో చెయ్యి దూరేది కాదు. మా అత్త మొదట్లో అంచు మడత విప్పి చూసేది, తర్వాత పక్కింటి చిన్నపిల్లకు ఇచ్చేసేది. నాయన మాత్రం, ముసలామె మనసు కష్టపెట్టుకుంటుందని, ప్రతిసారీ బట్టలు అచ్చంగా సరిపోయినాయనే కార్డు రాసేవాడు. మంచికే రాసినాడు పాపం.

నాకు తొమ్మిదో ఏడు నడుస్తుండగా నాయనకు సెలవు దొరికి ఇద్దరమూ జమ్మలమడుగుకు బయలుదేరినాము. బస్సు దిగేసరికి అవ్వ వచ్చి నిలబడి ఉండాది. నేను నాయన చెయ్యి పట్టుకోని పక్కనే ఉన్నాను. ఆమె నన్ను దాటిపోయి, బస్సు లోపలికి తొంగి ఖాళీ సీట్లన్నీ వెదికి, వెనక్కి తిరిగింది.

"పాపను యాడ ఇడిసిపెట్టి వస్తిరి నాయనా?"

నాయన నన్ను ముందుకు నెట్టినాడు. అవ్వ ఎవరి బిడ్డనో చూసినట్టు చూసింది నన్ను.

ఇంటికి పోయినాక అవ్వ నా కోసం కుట్టి పెట్టిన లంగా తీసి కట్టబోతే అది మోకాళ్ల కాడనే నిలిచిపోయింది. ఎదురింటి పిల్లను పిలిపించి నా పక్కన నిలబెట్టింది. ఆ పిల్ల తల నా భుజానికి కూడా అందలేదు. దినామూ కండ్ల ముందర తిరిగే బిడ్డ కదా, అట్లా ఎండిపోతా ఉండాదని ఆ వీధిలో ఒక్కరికీ కనపడలేదు. అవ్వ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఆ లంగా ఆ పిల్లకే కట్టి, ఈసారి విప్పలేదు. అప్పుడు నన్ను దగ్గరికి లాక్కుంది.

"ఇంత పొడుగు ఎప్పుడు పెరిగితివే, నాకు ఒక మాటన్నా చెప్పకుండా?"

ఆ మాట అడిగి కొంగు నోట్లో కుక్కుకోని ఏడ్చింది. నేనూ ఏడ్చినాను.

ఇప్పుడు పిల్లలు ఎంత దూరాన ఉన్నా కండ్ల ముందరే పెరుగుతారు, ఊహించుకోవాల్సిన పని ఎవరికీ లేదు. మేలే, కాదనను. ఆ ఊహలో మా అవ్వ అయిదారేండ్లు నాతో బతికింది, ఆ బస్సు కాడ అది కాస్తా చెదిరిపోయింది.

మేము తిరిగి వచ్చినాక కూడా మూటలు ఆగలేదు. ఉండలూ వచ్చేవి, మిరపకాయలూ వచ్చేవి. లంగా బదులు మాత్రం కత్తెర పడని బట్ట వచ్చేది, ఆడనే కొలత తీయించి కుట్టించుకోమని. మా పక్క కుట్టని బట్టను వచ్చిపోయే చుట్టాలకే బొట్టు పెట్టి ఇస్తారు. అత్త వాటిని దర్జీకి ఇచ్చి కుట్టించేది. అవన్నీ నాకు సరిగ్గా సరిపోయినాయి, ఒక్కటీ మా అవ్వ కుట్టింది కాదు.