శనివారం క్లాసు ఫోటో

మా బడిల ఐదు తరగతులకు ఇద్దరమే టీచర్లం. నేను, మా హెడ్ సార్. మెదక్ టౌన్ల బడి అని పేరుకే గని, పిల్లలల్ల సగం మంది చుట్టుపక్కల ఊర్ల నుంచి వచ్చి కిరాయికి ఉంటున్నోళ్లే. పొద్దుగాల మొఖం చూపిచ్చి వేసే హాజరు ఒక యాప్ల, అన్నం తిన్న పిల్లల లెక్క ఇంకో యాప్ల, గుడ్లు ఇచ్చినమా లేదా అన్నది అది వేరే. గిన్ని అయినంక టైము మిగిలితే పాఠం. ఇరవై ఏండ్ల సర్వీసుల నాకు గింత అలసట ఎన్నడు రాలే. కూసున్నా గూడ కాళ్లు నిలబడే ఉన్నట్టనిపిస్తది.

ఉన్నది సాలదన్నట్టు శనివారం ఆఖరు పీరియడ్ కొత్తది పెట్టిండ్రు. మంచి తాకుడు, చెడ్డ తాకుడు, కోపమొస్తే ఏం జెయ్యాలె, ఒళ్లు ఎట్ల సాఫ్ ఉంచుకోవాలె, భయమైతే ఎవరికి చెప్పాలె, గివన్నీ. మంచిదే, నేను కాదన. మా చిన్నప్పుడు గీ ముచ్చట్లు ఒక్కలన్న చెప్తే ఎంత బాగుండు. గని ట్రైనింగ్ ఎంత ఇచ్చిండ్రు? ఒక్క పూట. చాయ్, బిస్కెట్, చేతిల ఒక పుస్తకం. ఇగ పోయి చెప్పుండ్రి అన్నరు.

ఆ శనివారం ఐదో తరగతికి భయం గురించి చెప్పాలె. పుస్తకంల ఉన్నది ఉన్నట్టే చేపిచ్చిన. తెల్లకాయిదం మీద ఎడమ చెయ్యి పెట్టి, పెన్సిల్‌తోని చుట్టూ గీసుకోవాలె. గీసుకున్న ఐదు ఏళ్ల మీద, కష్టమొస్తే చెప్పుకునే ఐదుగురి పేర్లు రాయాలె. అరచేతిల, దేనికి భయమో అది రాయాలె. ఒకరిది ఒకరు చూడొద్దన్న. ముందు వరుసల ఒక పిల్ల కూసుంటది. పెద్దగ మాట్లాడది, గని బోర్డు మీద రాసినట్టు ఇంతింత అక్షరాలు, గుండ్రంగ రాస్తది. "టీచర్, మీరు ఎవరికన్న చెప్తరా?" అని అడిగింది.

"చెప్ప బిడ్డా. నా పానం పోయినా చెప్ప" అన్న. నవ్వి, తల వంచుకొని రాసుకున్నది.

వరుసల నడుమ తిరుక్కుంట చూసిన. కుక్క, పాము, లెక్కల పరీక్ష, కరెంటు పోవుడు. చూసిన అంటున్న గని, సక్కగ చూడనే లే. అప్పటికే హెడ్ సార్ తలుపు కాడ నిలబడి "మేడం, పైనుంచి ఫోటో అడుగుతుండ్రు, జర జల్ది" అంటుండు. మా దగ్గర పాఠం చెప్పినమంటే ఎవ్వరు నమ్మరు, ఫోటో ఉండాలె. ఫోటో లేకుంటే ఆ క్లాసు జరగనట్టే. "కాయిదాలు పైకి పట్టుండ్రి, నవ్వుండ్రి" అన్న. పిల్లలు పట్టిండ్రు, నవ్విండ్రు. తీసి ఆఫీసోళ్ల గ్రూపుల వేసిన. అదే ఊపుల మా క్లాసు తల్లిదండ్రుల గ్రూపుల గూడ వేసిన. దినాం చేసేది గదే గద, గుడ్డు ఫోటో, హోంవర్కు ఫోటో, మొక్క నాటిన ఫోటో. గుడ్డెద్దు చేన్ల పడ్డట్టు చేసిన.

ఇంటికి పోయి పొయ్యి మీద చాయ్ పెట్టి ఫోన్ తీస్తే, గ్రూపుల ఒకలు పండ్లు ఇకిలించే బొమ్మ పెట్టిండ్రు. ఏందా అని ఫోటో పెద్దగ చేసి చూసిన. అందరి రాతలు అలుక్కుపోయినయి, ఒక్కటి మాత్రం సాఫ్‌గ కనబడుతున్నది. ముందు వరుసల పిల్లది. అరచేతి నడుమ "మా నాయిన తాగి వస్తే భయం" అని ఉన్నది. బొటనేలు మీద "అమ్మ". పక్క ఏలు మీద "టీచర్". మిగిలిన మూడు ఏళ్లు ఖాళీ.

అయ్యో, నా బుద్ధిల మన్నుబడ! చాయ్ పొంగి పొయ్యంత అయింది, నేను చూడలే. ఫోటో తీసేసిన. చేతులు కాలినంక ఆకులు పట్టుకుంటే ఏమొస్తది? అప్పటికే ముప్పై మంది చూసిండ్రు, అండ్ల ఎందరు ఇంకొకరికి పంపిండ్రో. ఆ పిల్ల అమ్మకు ఫోన్ చేసి బిడ్డ ఎట్లున్నదని అడిగిన. "మంచిగనే ఉన్నది మేడం" అని, ఇంకో మాటకు సందియ్యకుండ పెట్టేసింది. ఆదివారమంతా ఇంట్ల అటిటు తిరిగిన. వాళ్లింటికి పోదామంటే, నేను పోతే ఇంకేమైతదో అని భయం. భయమైతే ఏం జెయ్యాలెనో నిన్ననే పిల్లలకు చెప్పొచ్చినదాన్ని, నాకే తెల్వలే.

సోమవారం ప్రార్థన గాకముందే ఆ పిల్ల నాయిన వచ్చిండు. పాపన్నపేట రూటుల షేర్ ఆటో నడుపుతడు. ఇస్త్రీ అంగి తొడుక్కున్నడు, తల దువ్వుకున్నడు, తాగిన వాసన లేదు. లొల్లి పెడతడనుకున్న. పెట్టినా బాగుండు. తలకాయ కిందికేసుకొని నిలబడ్డడు.

"మేడం, ఆటో స్టాండ్ల అందరి ఫోన్లల్ల నా ముచ్చటనే ఉన్నది. నిన్నటి సంది 'నీ బిడ్డ నిన్ను జూస్తే వణుకుతదంట గదనే' అని ఒకటే నవ్వుడు. జర నన్ను పిలిచి చెప్పకపోతిరి?"

"నాదే తప్పు. పిల్లది ఏం తప్పు లేదు, పిల్లను ఏమనకుండ్రి" అన్న.

"నేనేమంట మేడం? ఏమనలే." బిడ్డను దగ్గరికి పిలిచిండు. "చెప్పు బిడ్డా, నేను నిన్నేమన్న అన్ననా?"

"అనలే" అన్నది పిల్ల, గోడ దిక్కు చూసుకుంట.

ఆయన పోయిండు. నిజంగనే ఏమనలేదో, అన్నడో, నాకు తెల్వది. ఆయన మొఖం చూస్తే పాపమనిపిచ్చింది, గని పిల్ల ఇంక గోడ దిక్కే చూస్తున్నది. "ఊకోండ్రి మేడం, కావాలని చేసిండ్రా ఏంది? తొందరపెట్టింది నేను" అన్నడు హెడ్ సార్. మంచి మనిషి. గని పానం పోయినా చెప్ప అన్నది నేను, ఆయన కాదు.

అన్నాల బెల్లు కొట్టినంక, పల్లెం పట్టుకొని వస్తున్న పిల్లను వరండల నా పక్కకు కూసోబెట్టుకున్న. "నిన్ను అడగకుండ పెట్టిన బిడ్డా, తప్పు చేసిన, మన్నించు" అన్న. ఇరవై ఏండ్లల ఒక పిల్లకు ఆ మాట చెప్పుడు గదే మొదలు. తలూపింది. "ఇంట్ల ఏమయింది? నాయిన కొట్టిండా? నాకు చెప్పు."

పిల్ల అన్నం కలుపుతున్నది. చెయ్యి ఆపి నా మొఖం చూసింది. ఎత్తిపొడుపు లేదు, ఏం లేదు. నిజంగనే తెలుసుకుందామని అడిగింది.

"గిది గూడ గ్రూపుల పెడతరా టీచర్?"

"పెట్ట బిడ్డా. ఎవ్వరికి చెప్ప" అన్న. శనివారం గూడ గదే మాట అన్న. ఇద్దరికీ యాదికున్నది.

"ఏం కాలే టీచర్" అన్నది. మళ్ల అన్నం కలుపుకున్నది.