జాన కొలత

స్వెట్టరు అల్లేటప్పుడు నేను ఎన్నడూ టేపు పట్టలేదు. నాకు పని నేర్పిన మా అత్త కూడా పట్టలేదు. మగవాళ్లకు ఛాతీ అడ్డంగా రెండున్నర జానలు, ఆడవాళ్లకు రెండు జానల మీద రెండు వేళ్లు. మనిషిని చూడాల్సిన పని కూడా లేదు, సన్నమా లావా చెబితే చాలు. కేజీఎఫ్‌లో మా గని కార్మికుల లైన్ల ఇళ్లన్నిటిలో కొలత తప్పని చెయ్యి అని నాకు పేరు. ఆ పేరు మీదే కోలారు నుంచి కూడా ఆర్డర్లు వచ్చేవి. అది పోతే నా గడప ఎవరు తొక్కుతారు? బజారులో మిషను స్వెట్టర్లు కుప్పలు పోసి అమ్ముతున్నారు.

నిజం చెప్పాలంటే విసిగిపోయాను. వేళ్ల కణుపులు వాచాయి. పొద్దున్నే సూదులు పట్టాలంటే ముందు వేడినీళ్లలో చేతులు ముంచుకోవాలి. అయినా ఎవరైనా ఉన్ని తెచ్చి ముందు పెడితే వద్దనడానికి నోరు రాదు.

పోయిన చలికాలం రెండు స్వెట్టర్లు బిగుతయ్యాయని తిరిగొచ్చాయి. నేనేమన్నా తగ్గానా? మొదటిది తెచ్చిన టీచరమ్మతో, "నువ్వే ఒళ్లు చేసినావమ్మా, కూసోని తింటే అట్లే ఉంటాది" అన్నాను. పాపం, ఆమె మొహం చిన్నబోయింది. రెండోసారి ఉన్ని మంచిది కాదన్నాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు.

మూడోది పక్క లైనులో ఉండే పెద్దాయనది. ఎన్నో ఏళ్లు గనిలోకి దిగిన మనిషి. రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి ఏటేటా చిక్కిపోతున్నాడు. ఎప్పుడో నేనే అల్లిచ్చిన స్వెట్టరు మోచేతుల దగ్గర చిరిగిందని కొత్తది చెప్పాడు. అది తీసుకుపోవడానికి వచ్చి, పాతది విప్పి, కొత్తది తొడుక్కున్నాడు. గుండీలు కలవలేదు.

"అన్నా, నువ్వు..." అని ఆగిపోయాను. ఈయన్ని లావయ్యావని ఏ నోటితో అనను?

పాత స్వెట్టరు నేల మీద పరిచి జాన వేశాను. రెండున్నర రావాలి. మూడు వచ్చింది. మళ్లీ వేశాను. బొటనవేలు, చిటికెనవేలు ఎంత చాపినా మునుపటిలా విచ్చుకోవడం లేదు. ఉన్ని తప్పు కాదు, టీచరమ్మ తప్పూ కాదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

"నా చెయ్యి ముడుచుకునిందన్నా. విప్పేసి మళ్లా అల్లి ఇస్తా" అన్నాను.

ఆయన దగ్గు తగ్గేదాకా ఆగి, నా వేళ్ల వైపు చూశాడు. "ఈ చేతులతోనా? వద్దులేమ్మా. ఇంగొక ఏడాది పోతే నాకే సరిపోతాది" అన్నాడు. తమాషాకే అన్నాడు. స్వెట్టరు విప్పి, మడిచి సంచిలో పెట్టుకోబోయాడు.

నాకు ఒళ్లు మండింది. ఆయన మీదో, నా వేళ్ల మీదో తెలియదు. దాన్ని ఆయన చేతిలోంచి లాక్కుని, అంచు ముడి తెంపి, ఆయన చూస్తుండగానే వరస వరసా విప్పడం మొదలుపెట్టాను.