దయ్యాల సినిమా చూడని ఇరవై ఏడు రోజులు

మా వదిన పోయిందని మంగళవారం పొద్దున ఆమె కొడుకు ఫోన్ చేశాడు. నేను అప్పుడే దేవుడి దగ్గర దీపం పెట్టి లేచాను. "అత్తమ్మా, అమ్మ ఇగ లేదు" అన్నాడు. చాయ్ తాగి గ్లాసు కింద పెట్టి గోడకు ఆనుకొని కూర్చుందట. కోడలు పిలిస్తే పలకలేదట. అంతే.

వదిన అంటే నా భర్తకు అక్క. బాన్సువాడలోనే మా ఇంటికి రెండు గల్లీల అవతల ఉండేది. పోయినవాళ్ళ గురించి మంచి మాటలు రాస్తారు. ఆమె గురించి రాయడానికి మంచి మాటలు చాలా ఉన్నాయి. కానీ చివరి రోజుల్లో ఆమెకు మిగిలిన ఒకే ఒక్క ఇష్టాన్ని నేనే మాన్పించాను. అది దాచి మిగతావి రాయడం నాకు న్యాయంగా తోచలేదు.

ఆమెకు దయ్యాల సినిమాలంటే ప్రాణం. నా పెళ్ళైన కొత్తలో, ముప్పై ఏళ్ళ కిందట, నన్ను మ్యాట్నీకి తీసుకుపోయింది. మా అత్తగారికి మాత్రం దేవుడి సినిమా అని చెప్పింది. తెల్లచీర కనబడగానే నేను ఆమె భుజంలో మొహం దాచుకొని హనుమంతుణ్ణి తలుచుకుంటూ కూర్చున్నాను. ఆమె పల్లీలు తింటూ తెర మీది పిల్లకు బుద్ధి చెప్తోంది. "గా రూంలకు పోకే, పోకే అంటున్న... అగో, పోయింది సూడు. ఇగ నీ ఖర్మ."

ఇంటికొచ్చాక మా అత్త అడిగింది. "దేవుడు మంచిగ కనబడ్డడా బిడ్డా?"

"కనబడ్డడమ్మా. ఆఖరుకు త్రిశూలం వట్టుకొని వచ్చిండు" అంది వదిన, కొంచెం కూడా తడబడకుండా. అది అబద్ధం కూడా కాదు. నేను కొంగు నోట్లో కుక్కుకొని వంటింట్లోకి పోయాను. ఆ ఇంట్లో నేను మొదటిసారి నవ్వింది ఆ రోజే.

తర్వాత ఆమె భర్త పోయాడు. గాజుల దుకాణం పెట్టుకొని కొడుకును పెంచింది. థియేటర్ పోయి సీడీలు వచ్చాయి, సీడీలు పోయి ఫోన్ వచ్చింది. ఆమె ఇష్టం మాత్రం మారలేదు. షుగర్‌తో కిడ్నీలు పాడయ్యాక కూడా మారలేదు.

వారానికి మూడుసార్లు దవాఖానలో డయాలసిస్. ఒక్కోసారి నాలుగు గంటలు. కొడుకు, కోడలు పనులకు పోతారు కాబట్టి తోడుగా నేను వెళ్ళేదాన్ని. సూదులు గుచ్చగానే ఆమె ఇంకో చేత్తో ఫోన్ తీసి దయ్యాల సినిమా పెట్టుకునేది. నేను పక్కన స్టూలు మీద కూర్చొని స్తోత్రం చదువుకునేదాన్ని. పక్క మంచం మీద పిట్లం నుంచి వచ్చే ముసలాయన, మేము చాచా అనేవాళ్ళం, ఊరుకునేవాడు కాదు.

"బేటీ, నీ దయ్యం మా దిక్కు వస్తుందా ఏంది?"

"నీ గడ్డం జూసి గదే భయపడి ఉరికింది చాచా. నీకేం ఫికర్ లేదు."

సిస్టర్లు కూడా నవ్వేవాళ్ళు. నాకు మాత్రం మనసులో ముల్లులా ఉండేది. ఒంట్లో ఇంత రోగం పెట్టుకొని దేవుణ్ణి తలుచుకోవలసిన సమయంలో ఇదేం చూడ్డం అని ఒకరోజు మెల్లగా అడిగాను.

ఆమె ఫోన్ ఆపి నా దిక్కు తిరిగింది. "సినిమాల దయ్యం ఎందుకొచ్చిందో ఆఖరుకు చెప్తరు పిల్లా. ఎవడో ఏదో పాపం జేసిండు, గందుకొచ్చింది అంటరు. నాకు గిది ఎందుకొచ్చిందో ఎవరన్న చెప్పిన్రా? గా భయం రెండు గంటల్ల ఒడుస్తది. గా రెండు గంటలు నా భయం యాదికి రాదు."

ఆ మాట నేను విన్నాను. అర్థం కూడా అయింది. కానీ పట్టించుకోలేదు.

మొన్న అక్టోబరు చివర్లో ఆమె మనవరాలి బడిలో హాలోవీన్ అన్నారు. రెండో తరగతి పిల్ల. దయ్యంలా తయారై రావాలని టీచర్ ఫోన్‌లో మెసేజ్ పెట్టింది.

"గదేం పండుగనే?" అని వదిన అడిగింది.

"దయ్యాల పండుగ నానమ్మా. భయపెడితే చాక్లెట్లు ఇస్తరు."

"మా కాలంల భయపెడితే చెప్పు తీస్కొని కొడ్తుండె. మంచి పండుగే వచ్చింది."

ఆ పొద్దున నేను వెళ్ళేసరికి వదిన పిల్లను గడప మీద కూర్చోబెట్టి మొహానికి పౌడర్ మెత్తి, కళ్ళ కింద కాటుక పులుముతోంది. ఆమె మొహంలో ఎన్నో నెలల తర్వాత రక్తం కనబడింది. మనకు పెత్రమాస ఉంది కదా వదినా, పోయినవాళ్ళను తలుచుకొని అన్నం పెడతాం కదా, వాళ్ళతో ఈ ఆటలెందుకు అన్నాను. "పెత్రమాసకు ఏడ్వనీకె మనం ఉన్నం గద. నవ్వెటోళ్ళను గూడ ఉండనియ్యి" అంది. తర్వాత దేవుడి అర్రలోంచి కుంకుమ భరిణె తెచ్చి, వేలితో తీసి, పిల్ల పెదవి చివర నెత్తురులా కారుస్తూ దిద్దింది.

నేను భరిణె లాక్కున్నాను. అమ్మవారి కుంకుమ దయ్యం మూతికా అని అరిచాను. నేను ఎప్పుడూ అరవను. పిల్ల బిత్తరపోయింది. వదిన చీర చెంగుతో పిల్ల మూతి తుడిచి బడికి పంపింది.

వారం తిరగక ముందే ఆమెకు జ్వరం వచ్చింది. డయాలసిస్ కోసం చేతికి ఆపరేషన్ చేసి పెట్టిన నరం పనిచేయడం మానేసింది. మెడ దగ్గర గొట్టం వేశారు. ఇలా అవుతుంటుందని డాక్టరు చెప్పాడు. నేను మాత్రం కుంకుమ వల్లే అనుకున్నాను.

కార్తీక పౌర్ణమి నాడు ఆమెను మా ఇంట్లో దేవుడి ముందు కూర్చోబెట్టాను. మొక్కంటే ఇష్టమైనది వదులుకోవాలి, నలభై ఒక్క రోజులు దయ్యాల సినిమాలు చూడనని మొక్కుకో వదినా అన్నాను.

"దేవుడు గా సినిమాలు ఏం జేస్కుంటడే?" అని నవ్వింది. నా కళ్ళలో నీళ్ళు చూసి నవ్వు ఆపేసింది. "సరే తియ్. నీ కోసం మొక్కుతున్న" అని చేతులు జోడించింది.

ఆమె మాట తప్పే మనిషి కాదు. ఆ రోజు నుంచి ఫోన్ ముట్టలేదు. భక్తి పాటలు పెడితే వద్దనకుండా వినేది. చాచా ఎంత కదిలించినా ముక్తసరిగా ఒక మాట చెప్పి ఊరుకునేది. తిండి తగ్గింది. దవాఖానకు పోయే పొద్దున ఆటో ఎక్కడానికి నా చెయ్యి గట్టిగా పట్టుకునేది. అంతకుముందు ఎప్పుడూ అలా పట్టుకోలేదు.

పంతొమ్మిదో రోజు అడిగింది. "ఎన్ని దినాలైనయే?" చెప్పాను. "ఒక్కటి జూస్తనే. సగమే జూస్త. నువ్వే దేవునికి చెప్పరాదు? నీ మాట ఇంటడు."

మొక్కు మధ్యలో విడిస్తే మంచిది కాదు, ఇంకెన్ని రోజులు వదినా, ఓర్చుకో అన్నాను. మెత్తగానే అన్నాను. "మంచిది" అంది. మళ్ళీ అడగలేదు. ఇరవై ఏడో రోజు పోయింది.

ఇప్పుడు చాలామంది నన్ను ఓదారుస్తున్నారు. కడదాకా చూసుకున్నావు, పుణ్యం దక్కుతుంది అంటున్నారు. నేను రోజూ దీపం పెడుతూనే ఉన్నాను. దేవుణ్ణి ఏమీ అడగడం లేదు. అడిగితే జవాబు ఉంటుందన్న నమ్మకం పోయింది. ఆమె సినిమాలు చూస్తే మాత్రం బతికేదా అంటే, లేదు, బతికేది కాదు. అది నాకు తెలుసు. ఆ ఇరవై ఏడు రోజులు ఆమె తన భయంతో ఒంటరిగా ఉండవలసిన పని లేదు. అదొక్కటే నాకు మింగుడు పడడం లేదు.

ఆమె పోయే ముందురోజు సోమవారం. అదే చివరి డయాలసిస్. కిటికీలోంచి మధ్యాహ్నపు ఎండ మంచాల మీద పడుతోంది. చాచా నిద్రపోతున్నాడు. వదిన మెడ నుంచి బయలుదేరిన సన్న గొట్టం మంచం అంచు మీదుగా మిషన్ దాకా పోయి, అక్కడ చక్రంలా తిరిగి మళ్ళీ ఆమె దగ్గరికే వస్తోంది. అందులో ఎర్రగా కదులుతున్న తన నెత్తురును ఆమె రెప్ప వేయకుండా చూస్తోంది. నాలుగు గంటలూ దాన్నే చూసింది. నాకు భయమేసి, కాసేపు కళ్ళు మూసుకో వదినా అంటూ నా చెంగు ఆమె కళ్ళ మీద కప్పబోయాను. ఆమె తల కొంచెం పక్కకు జరుపుకొని, మళ్ళీ ఆ గొట్టం వైపే చూసింది.