అన్నకు తగిలిన చూపు

పొద్దుగూకితే చాలు, అమ్మ మా అన్నను గడప కాడ కూసోబెట్టి దిష్టి తీసేది. ఉప్పు, ఎండుమిరపకాయలు పిడికిట్ల పట్టి తిప్పి పొయిల ఏసేది. అందరు తననే చూస్తున్నరని అన్న ఒకటే భయపడేటోడు. ఆఖరికి దొడ్లె గొర్లు గూడ చూస్తున్నయనేటోడు. పక్కనే కూసున్న నా చుట్టు ఆ పిడికిలి ఒక్కనాడు తిరుగలే, ఇంటర్ల ఫస్టు క్లాసు వచ్చిననాడు గూడ. నాకు కడుపు మండేది. మిరపకాయల ఘాటుకు దగ్గొస్తే దిష్టి లేనట్టు. అందుకే అన్నకు దిష్టే లేదని అమ్మ అనుకోవాలని, నేను కావాలని గట్టిగ దగ్గేదాన్ని.

నల్గొండ దవాఖానల డాక్టరు అన్నకు కొన్ని మొకాల ఫొటోలు చూపెట్టిండు. పక్కకు చూసేటోళ్లను గూడ అన్న "నన్నే చూస్తున్నరు" అన్నడు. స్కిజోఫ్రీనియా ఉన్నోళ్లల్ల కొందరికి గిట్లనే అయితదని, ఎదుటోళ్ల కండ్లు ఎటు తిరిగినయో మెదడు తప్పు లెక్కగడుతదని డాక్టరు చెప్పిండు. అమ్మ ఏడ్చింది. నాకు గప్పుడు గూడ కుళ్లే. లోకమంత అన్ననే చూస్తున్నదట, నన్ను కన్నతల్లి గూడ చూడదాయె.

హాలియాకు తిరిగొచ్చే బస్సుల అన్న మొకం దాసుకుంటుంటే, "నిన్నెవ్వరు చూస్తలేరు బిడ్డా" అన్నది అమ్మ.

అన్న నా దిక్కు వేలు చూపెట్టిండు. "చెల్లె చూస్తాంది. కోపంగ చూస్తాంది."

"అది నీ మెదడు చేసే తప్పు బిడ్డా" అని అమ్మ అన్న తల నిమిరింది.

నేను కిటికీ దిక్కు తిరిగిన. అన్న సరిగనే చూసిండని ఆ బస్సుల నాకొక్కదానికే ఎరుక.