మల్లమ్మ అనని వద్దు

ఉదయం ఆరుంబావుకు సిస్టర్ మార్తా నల్లబల్ల తుడిచేవారు. 1979లో నేను వరంగల్‌లో ఒక మిషన్ దవాఖానకు రెండో గుమాస్తాను. హాలెండ్ నుంచి కొత్త సర్జన్ వస్తున్నారని, ద్విభాషి పని కూడా నాకే అప్పగించారు. డ్యూటీకి ముందు గంటసేపు, ఆ దేశం నుంచే వచ్చిన నర్సు సిస్టర్ మార్తా నాకు వాళ్ల భాష డచ్చి నేర్పేవారు.

జ్వరం లేదు అనడానికి 'ఖేన్', రాను, పెద్దది కాదు అనడానికి 'నీట్'. 'మంచి డాక్టర్' అన్నప్పుడు మంచి అనే మాటకు తోక చేరి 'ఖూదె' అవుతుంది. 'డాక్టర్ మంచివాడు' అంటే తోక ఊడి 'ఖూట్'గా మిగులుతుంది. తెలుగులో ఇది తిరగేసి ఉంటుంది. మంచి ముందుంటే మంచే, వెనక్కి పోతేనే మంచివాడు. నెల తిరిగేసరికి ఇవి నాకు బాగా పట్టుబడ్డాయి.

సర్జన్ వచ్చిన కొత్తలో, పాలకుర్తి వైపు నుంచి మల్లమ్మ అనే కూలీ మనిషి షుగర్ పుండుతో చేరింది. మోకాలి కింద కాలు తీసేయాలని, ఒప్పుకుంటుందేమో అడగమని సర్జన్ చెప్పారు. అడిగాను.

"నన్నడుగుతరేంది సారూ? పెద్ద డాక్టర్ చెప్పినంక నేనేమంట? మీ దయ."

నేను సర్జన్‌తో 'యా' అన్నాను, అంటే అవును. కాగితం మీద వేలిముద్ర పడింది.

మర్నాడు థియేటర్ వరండాలో ఆమె ఆడబిడ్డ నన్ను నిలబెట్టింది. "దొరల భాష నేర్చినవు గని, మా వదిన మొకం సూడ రాలేదా సారూ? నిన్నటి సంది బువ్వ ముట్టలే. పెద్దోళ్లకు వద్దని ఎట్ల చెప్తది?"

లోపలికి వెళ్లి సర్జన్‌తో 'జ విల్ నీట్' అన్నాను. ఆమెకు ఇష్టం లేదని. గుమాస్తాకు థియేటర్‌లో ఏం పని అని ఆయన కోప్పడ్డారు. ఆపరేషన్ మాత్రం ఆపారు.

సిస్టర్ మార్తా మూడు రోజులు మల్లమ్మ మంచం పక్కన కూర్చుని, కాలు సంగతి విడమరిచి చెప్పారు. నాలుగో రోజు మల్లమ్మే, "కాలు తీసెయ్యమనున్రి. పానం ఉంటె సాలు" అంది. అప్పటికి చీము పైకి పాకింది. మోకాలి పైన కోయవలసి వచ్చింది. నేను మొదటి రోజే సరిగా విని ఉంటే, సిస్టర్ ఒక రోజు ముందే కూర్చునేవారు, పోయిన ఆ ఒక్క రోజు మిగిలేది. మోకాలు దక్కేదో లేదో సర్జన్ చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఆ తర్వాత సిస్టర్ ఒక పద్ధతి పెట్టారు. ఏం చేయబోతున్నారో రోగి తన నోటితో తిరిగి చెప్పాలి. ఆ మాటలు తెలుగులో రాసి, కింద డచ్చిలో రాసేవాణ్ని. వద్దు అనే మాట మర్యాద వెనక కూడా ఉంటుందని, దాన్ని వెతకడం ద్విభాషి పనేనని అక్కడ నేర్చుకున్నాను.

సిస్టర్ మార్తా పోయారు. ఇప్పుడు అచ్చు కాగితం ఇచ్చి సంతకం తీసుకుంటారు. రోగి చేత తిరిగి చెప్పించడం లేదు.