చౌడు మీద అరమైలు

1957 ఏప్రిల్. వ్యవసాయ శాఖలో మట్టి పరీక్షల సహాయకుడిగా నంద్యాలలో చేరి అప్పటికి నాలుగేళ్లు. ఆగర్‌తో, అంటే మట్టిని తొలిచి పైకి తెచ్చే ఇనుప బర్మాతో, శాంపిల్ తీయడం, దాని గుణం పరీక్షించి రైతుకు చెప్పడం నా పని. కొలిచి చూడనిదే ఎవరి మాటా నమ్మే అలవాటు నాకు లేదు. ఒకరోజు ఆళ్లగడ్డ నుంచి ఓబుళరెడ్డి అనే యువకుడు వచ్చి, పంట ఊసెత్తకుండా ఒక ప్రశ్న వేశాడు.

"సార్, మోటారు సైకిలు అరవై మైళ్ల వేగంతో తోలాలంటే యాడ నేల బాగుంటాది?"

ఎందుకని అడిగితే చెప్పాడు. అతని బండి చప్పుడుకు రోడ్డుమీద ఎద్దులు బెదిరి, ఎవరిదో జొన్నల బండి బోల్తాపడింది. తండ్రి మోటారు సైకిలును కొట్టంలో పెట్టి తాళం వేశాడు. రోడ్డు కాని చోటు చూపి, అక్కడ మెడ విరగదని మట్టి సారు చేత రాయించుకొస్తే తాళం తీస్తాడు. లేకుంటే ఆదివారం బండిని అమ్మేస్తాడు.

"ఎడారి దేశాల్లో ఉప్పుమేటల మీద తోలతారంట, పేపర్లో చూసినా. మనకు ఆ మాదిరి నేల లేదా సార్?"

నాలుగేళ్లలో అంత మంచి ప్రశ్న నన్నెవరూ అడగలేదు. మరునాడే బయలుదేరాం. కుందూ నది ఇసుకలో మడమలు కూరుకుపోయాయి. ఎండిన చెరువు అడుగున నల్లరేగడి చెయ్యి దూరేటంత నెర్రెలు విచ్చింది. చివరికి మిగిలింది వాళ్ల సొంత చౌడు భూమి. ఏ విత్తూ మొలవని ఆ తెల్లని నేల, బల్ల పరిచినట్లు అరమైలు సాగి ఉంది. చూడగానే నా గుండె కూడా వేగం అందుకుంది.

అయినా చూపు కొలత కాదు. మొనదేలిన ఇనుప కడ్డీని నిలబెట్టి, ఒకే బరువును ఒకే ఎత్తునుంచి దానిమీద జారవిడిచి, ఎంత దిగిందో కొలిచాం. నూరడుగులకొకటి చొప్పున ఇరవై ఏడు చోట్ల. ఎక్కడా అరంగుళం దాటలేదు. సంతోషంగా కాగితం తీసి రాయబోతుండగా, బట్టలుతికేందుకు చౌడు మన్ను గీరుకోవడానికి గంపతో వచ్చిన చాకలి నాగమ్మ ఆగి చూసింది.

"ఈడ తోలితే చక్రం దిగిపోతాది రెడ్డీ."

"ఏందవ్వా నువ్వు? సారు ఇరవై ఏడు తావుల గుచ్చి చూసినాడు."

"ఆ తావుల మధ్యన నేను గీరుకుంటాండా గదా! గీరిన కాడ మన్ను మల్లా పొంగి, పైన పెచ్చు కడతాది. చూస్తే రాయి. తొక్కితే బూడిద."

ఆ మాటనూ నేను ఊరికే నమ్మలేదు. పది చోట్ల గుర్తులు పెట్టి, ఏది గట్టిదో ఏది గుల్లదో ముందుగా చెప్పమన్నాను. చెప్పింది. తొమ్మిదింట ఆమె మాటే నిజమైంది. పద్నాలుగో పరీక్షకూ పదిహేనో పరీక్షకూ నడుమ కడ్డీ జానెడు దిగిపోయింది. ఓబుళరెడ్డి ముఖం ఆ నేలకన్నా తెల్లబడింది. పదోచోట మాత్రం ఆమె గట్టిదన్నది గుల్లగా తేలింది.

"ఒకటి తప్పావు" అన్నాను.

"తప్పింది నేను గాదు సామీ. ఆడ మా తోటికోడలు దొంగగా గీరినట్లుంది!"

దారిని, ఎవరూ గీరని నేల మీదుగా ఆమె చూపిన గీత వెంట, పడమటికి జరిపాం. ఈసారి పదడుగులకొక పరీక్ష. రెండు రోజులు పట్టింది. కాగితం మీద నా సంతకం కింద, "నాగమ్మ చూపిన గీత దాటరాదు" అని చేర్చాను. ఆదివారం ఉదయం ఓబుళరెడ్డి తండ్రి పెద్దరెడ్డి అది రెండుసార్లు చదివి, తాళం తీశాడు.

బండి కదిలింది. వెనుక తెల్లని దుమ్ము తోకలా లేచింది. నడుమ పావుమైలుకు రెండు జెండాలు పాతి, నేను స్టాప్‌వాచ్ నొక్కాను. నాగమ్మ గంప దించి, "పోతాండాడు, పోతాండాడు!" అని అరుస్తోంది. ఆ గుల్లనేలకు ముప్పై గజాల అవతల చక్రాలు దూసుకుపోయాయి. నా అరుపు నాకే వినిపించింది.

"మీటరు ముల్లు అరవై చూపింది సార్!" అంటూ తిరిగివచ్చాడు.

పదిహేడున్నర సెకన్లు. లెక్క వేసి, "యాభై రెండు కూడా లేదు" అన్నాను.

"ఆ మాత్రానికే ఎద్దుల్ని బెదరగొట్టినావంట్రా!" అని పెద్దరెడ్డి పగలబడి నవ్వి, ఆపైన మెల్లగా అన్నాడు: "ఏదీ, నన్ను గూడా ఎక్కించుకో."

ఆ తరువాత ఏ పొలానికి వెళ్లినా ఆగర్ దించే ముందు, ఆ నేలమీద రోజూ తిరిగేదెవరో అడగడం మొదలుపెట్టాను. నా ఇరవై ఏడు పరీక్షలూ తప్పుకావు. ప్రతి ఒక్కటీ తానున్న చోటు గురించి నిజమే చెప్పింది. నేను సంతకం పెట్టబోయింది మాత్రం, వాటి నడుమ నేను కొలవని నేలకు.