ముందు నువ్వు తాగి చూడక్కా

ఆ వేసవిలో నేను ఒకచోట కుదురుగా కూర్చున్న గుర్తు లేదు. టీచరు ట్రైనింగు అయిపోయింది, ఉద్యోగం రాలేదు. గుడివాడలో మా ఇంట్లో వంటింటికీ వీధరుగుకీ మధ్య తిరుగుతుంటే మా నాన్న పేపరు దించి, "కాలుగాలిన పిల్లిలా ఏంటమ్మా ఆ తిరగడం, కాసేపు కూర్చో" అనేవారు. కూర్చుంటే కాళ్ళు ఊపేదాన్ని. చివరికి మా అమ్మే విసిగిపోయి, "బందరులో దివిసీమ పిల్లలకి వేసవి శిబిరం పెడుతున్నారంట, పోయి వాళ్ళకి పాటలు నేర్పకూడదూ, మేమూ కాస్త ఊపిరి పీల్చుకుంటాం" అంది. వేళాకోళానికే అంది. నేను మర్నాడు పొద్దున్నే బందరు రైలెక్కాను.

కిందటి కార్తీకంలో సముద్రం దివిసీమ మీదికి వచ్చి పడింది. ఊళ్ళకి ఊళ్ళే లేకుండా పోయాయి. ఆ ఉప్పెనలో మిగిలిన పిల్లల్లో కొందరిని ఎండాకాలమంతా ఒకచోట ఉంచి, తిండి పెట్టి, ఆడించి, బడులు తెరిచేనాటికి మళ్ళీ నలుగురిలో కలిసేటట్టు చెయ్యాలన్నది శిబిరం ఉద్దేశం. నడిపింది ఊళ్ళో కొందరు కలిసి పెట్టుకున్న చిన్న సంఘం. అందులో ఎవరికీ జీతం లేదు. కాలవగట్టు పక్కన ఉన్న ఒక పెంకుటింటి బడిని సెలవుల్లో వాడుకోమని ఇచ్చారు.

అన్నిటికీ పెద్ద ఒక డ్రిల్లు మాస్టారు. అప్పటికే రిటైరయ్యారు. ఉయ్యూరు పక్క పల్లెలో, చెరుకు తోటల మధ్య పెరిగిన క్రైస్తవ కుటుంబం ఆయనది. మనిషి నిలువెత్తు, గొంతు అంతకంటే ఎత్తు. మొదటి రోజు పొద్దున్న ఆయన అలవాటుగా ఈల తీసి గట్టిగా ఊదారు. వరసలో నిలబడాల్సిన పిల్లలు చెల్లాచెదురై గోడలకి కరుచుకుపోయారు. ఉప్పెన రోజు గాలి అలాగే ఈల వేసిందట. మాస్టారు ఈలని జేబులో పెట్టేసుకున్నారు, మళ్ళీ తియ్యలేదు. ఆ తర్వాత ఏం కావాలన్నా చప్పట్లే.

పిల్లల తిండికి బందరులో ఒక పద్ధతి పెట్టారు, వీధికో పూట. ఏ వీధి వంతు వస్తే ఆ వీధివాళ్ళు వండి, గిన్నెలు రిక్షాలో పెట్టుకుని తెచ్చి, వాళ్ళే వడ్డించాలి. ఒక వీధిలో ఆడవాళ్ళు ఒకరితో ఒకరు చెప్పుకోకుండా అందరూ సొరకాయే వండుకొచ్చారు. పులుసు సొరకాయ, పాలు పోసిన సొరకాయ, పచ్చడి సొరకాయ. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుని ఫక్కున నవ్వారు. ఆ శిబిరంలో అందరూ కలిసి నవ్వగా నేను వినడం అదే మొదలు. చిలకలపూడి నుంచి రోల్డుగోల్డు పనివాళ్ళు ఆడపిల్లలకి గాజులు తెచ్చారు. వీధి మలుపులో కొట్టున్న టైలరు, మేం బాబాయిగారు అని పిలిచే సాయిబు, తన దగ్గరున్న కర్టెన్ల గుడ్డ తాను మొత్తం కోసి అందరికీ చొక్కాలూ గౌన్లూ కుట్టేశాడు. దాంతో మా పిల్లలంతా ఎర్ర పువ్వుల కర్టెన్లై బందరు వీధుల్లో తిరిగారు. వింత చూడ్డానికి గేటు దగ్గర మూగిన ఊరి పిల్లలు నాలుగు రోజులకి లోపలికొచ్చి ఆటల్లో దూరారు. ఆ తర్వాత వాళ్ళకీ అలాంటి చొక్కాలే కావాలని ఇళ్ళల్లో ఏడుపులట.

అన్నీ ఇంత బాగుంటే నాకు నిద్ర పట్టకపోవడానికి కారణం లేదు. కానీ ఆ బళ్ళో ఎవరూ నిలకడగా ఉండేవారు కాదు. మధ్యాహ్నం ఈదురుగాలి లేచి పెంకు ఒక్కటి కదిలితే చాలు, తింటున్న చేతులు ఆగిపోయేవి. రేడియోలో వార్తలు అయ్యాక వాతావరణం అనేలోపే మాస్టారు పరుగున వెళ్ళి కట్టేసేవారు. వీటికి తోడు జాలిపడ్డానికి వచ్చే పెద్దమనుషులు. కెమెరా మెళ్ళో వేసుకొచ్చిన ఒకాయన ఒక పిల్లాణ్ణి దగ్గరికి లాక్కుని, "చెప్పు బాబూ, ఎట్లా బతికావు?" అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మీరెట్లా బతుకుతున్నారో ముందు మీరు చెప్పండి" అన్నాను. ఆయన మాస్టారుతో ఫిర్యాదు చేశాడు. మాస్టారు నన్ను పిలిచి, ఆయన ఎదుట గట్టిగా కేకలేసి, ఆయన వెళ్ళాక ఒక బెల్లం ముక్క చేతిలో పెట్టారు.

అందరిలోకీ నన్ను కుదురుగా ఉండనివ్వనిది ఒక పిల్ల. ఏడో ఎనిమిదో ఉంటాయి. నేల మీద కూర్చునేది కాదు. బెంచీ, కిటికీ గుమ్మం, గోలెం అంచు, ఏదో ఒకటి ఎత్తుగా ఉండాలి. అన్నం కూడా బెంచీ ఎక్కే తినేది. ఉప్పెన వచ్చినప్పుడు తుమ్మచెట్టు కొమ్మల్లో చిక్కుకుని బతికింది. అమ్మ, నాన్న, తమ్ముడు దక్కలేదు. ఇంకో అలవాటు కూడా ఉండేది. మంచినీళ్ళ గ్లాసు అందిస్తే తాగేది కాదు, నా మొహం చూసేది.

"ముందు నువ్వు తాగి చూడక్కా."

నేను ఒక గుక్క తాగాలి. తాగి, "చప్పగా ఉన్నాయే" అనాలి. అప్పుడు నాలిక కొస నీళ్ళకి ఆనించి, మరికాస్త చూసి, తాగేది. ఆ రాత్రంతా నోట్లో ఉప్పే అని ఒకసారి తనే చెప్పింది. రోజుకి ఎన్నిసార్లు దాహమైతే అన్నిసార్లూ ఇదే తంతు. నాకు ఓర్పు తక్కువ, ఒక్కోసారి విసుగొచ్చేది. అయినా తాగి చూడకుండా ఒక్క గ్లాసూ ఇవ్వలేదు.

ఆ పిల్లకి మిగిలింది ఒక్క మామ్మ, నాన్నని కన్నతల్లి. నాగాయలంక దాటాక నది అవతల ఒక లంకలో ఉండేది. అక్కడికి పడవ తప్ప దారి లేదు. ఉప్పెన తర్వాత మిలిటరీ వాళ్ళ పడవలో పిల్లని ఇవతలి ఒడ్డుకి తెచ్చారు. అదే ఆఖరు, మళ్ళీ పడవ పేరెత్తితే బిగుసుకుపోయేది. శిబిరం సగంలో మామ్మ బందరు వచ్చింది. చిన్న మనిషి, నల్లగా ఎండిపోయి ఉంది. మనవరాలి తల నిమురుతూ మాస్టారుతో అంది.

"కొత్తగా ఇల్లు కట్టిచ్చారయ్యగారూ. చేపలెండబెట్టుకుంటే గడిచిపోద్ది. ఈడికొచ్చి నేనేం చేసుకు బతుకుతాను? నాకుందా ఇదొక్కతే. పడవెక్కితే తీసుకుపోతాను. ఎక్కదంటే బలవంతం చెయ్యొద్దండి, బెదిరిపోద్ది. ఈడనే ఉంచండి. నేనేమీ అనుకోను."

నేనేమీ అనుకోను అన్నప్పుడు ఆమె ఎవరి మొహమూ చూడలేదు. ఎవరూ లేని పిల్లల కోసం ఊళ్ళో ఒక హాస్టలు సిద్ధం చేస్తున్నారు. శిబిరం ముగిసేలోగా పిల్ల పడవెక్కడానికి ఒప్పుకుంటే మామ్మ దగ్గరికి, లేకపోతే హాస్టలుకి. మాస్టారు ఆ మాట నాతో చెప్పిన రోజు నుంచి నా కాళ్ళకి మరీ నిలకడ పోయింది.

ఎండాకాలం మా ప్రాంతంలో కాలవలు కట్టేస్తారు. బడి పక్క కాలవ ఎండి, బీటలు తీసి ఉండేది. మా పిల్లలు అందులోనే కబాడీ ఆడేవారు. జూన్ వచ్చింది. బెజవాడలో నీళ్ళు వదిలారని కబురు తెలిసింది. ఇది మా డెల్టావాళ్ళకి ఎంత సంబరమో పుట్టి పెరిగినవాళ్ళకే తెలుసు. అప్పటికి మంచినీళ్ళ చెరువు అడుగంటింది, బిందె నీళ్ళకి కొట్లాటలు. కొత్తనీరు వచ్చే రోజు పసుపూ కుంకుమా పట్టుకుని జనం కాలవగట్టుకి వెళ్తారు, పిల్లలు నీటికి ముందు పరుగులు తీస్తారు. మాస్టారు మొహం వెలిగిపోయింది. "పిల్లలందర్నీ తీసుకెళ్దామమ్మా, కొత్తనీటికి ఎదురెళ్దాం" అన్నారు. పూట వంతు వచ్చిన వీధి పులిహోర కలిపింది. టైలరు బాబాయిగారు కొట్టు మూసి వచ్చాడు. ఇంతమందిమి ఉన్నాం, ఒక్కరికీ తట్టలేదు.

గట్టు మీద పిల్లల్ని వరసగా నిలబెట్టాం. మా పిల్ల గడ్డిబండి మీద ఎక్కి కూర్చుంది. మలుపులో ముందు చప్పుడు వినిపించింది, తర్వాత నీరు కనిపించింది. నురగలు కక్కుతూ, ఎండుటాకులూ పుల్లలూ తోసుకుంటూ నేల నాకుతూ వస్తోంది. గట్టు మీద జనం చేతులెత్తి అరిచారు.

"వచ్చింది! వచ్చింది! వచ్చేసింది!"

ఆ కేకే మా పిల్లలు ఉప్పెన రాత్రి విన్న ఆఖరి కేక. ఒక్కసారి ఎర్ర పువ్వులన్నీ చెదిరిపోయాయి. కొందరు చెట్లెక్కారు, కొందరు కనిపించిన మనిషిని కనిపించినట్టే పట్టుకుని పైకెక్కబోయారు. మా పిల్ల గడ్డిబండి కొసన రెండు చేతులా గడ్డి పట్టుకుని నోరు తెరిచి ఉంది, గొంతు రావడం లేదు. పసుపు పళ్ళెం పట్టుకున్న ఒకావిడ దాన్ని అక్కడే విసిరేసి ఒక పిల్లాణ్ణి చంకనెత్తుకుంది. అది చూసి మిగతావాళ్ళు కదిలారు. ఎవరికి దొరికిన పిల్లని వాళ్ళు ఎత్తుకున్నారు. టైలరు బాబాయిగారు ఇద్దరిని రెండు భుజాల మీదా ఎక్కించుకున్నాడు. నీటికి ఎదురొచ్చిన ఊరంతా నీటికి వీపు పెట్టి, పిల్లల్ని మోసుకుంటూ బడికి నడిచింది. కొత్తనీరు ఎవరూ చూడకుండానే చెరువుకి చేరింది.

మాస్టారు గట్టు మీదే చతికిలబడి పెద్దగా ఏడ్చారు. "మాకు నీళ్ళంటే పండగమ్మా. ఆ కళ్ళతోనే చూశాను" అన్నారు. ఆ సాయంత్రం అన్ని వీధులవాళ్ళూ పిలవకుండానే బడికి వచ్చి పిల్లల మధ్య కూర్చున్నారు. ఎవరూ ఏమీ అడగలేదు. పులిహోర అందరూ కలిసి తిన్నారు.

రెండు రోజులు మా పిల్ల నోరు విప్పలేదు. మూడో రోజు కిటికీలో కూర్చుని కాలవ వైపు చూస్తూ అడిగింది.

"అక్కా, ఆ నీళ్ళు ఉప్పా?"

"కాదే, కృష్ణ నీళ్ళు."

"తాగి చూశావా?"

చూడలేదు. వెళ్ళాను. ఆకులూ పేడా కలిసిన ఆ బురదనీళ్ళు దోసిట్లో పట్టి, అది కిటికీలోంచి చూస్తుండగా తాగాను. "చప్పగా ఉన్నాయే" అని అరిచాను. ఆ రాత్రంతా కడుపు పట్టుకుని దొర్లాను. మాస్టారు తిట్టిన తిట్లు ఇప్పటికీ గుర్తున్నాయి. మర్నాడు సాయంత్రం పిల్ల గేటు దాకా వచ్చింది. ఆ మర్నాడు గట్టు దాకా. నేను రోజూ తాగి చూసేదాన్ని, ఈసారి నాలిక కొసతోనే. ఒకనాడు తనే కిందికి దిగి, వేలు ముంచి, నాలికకి రాసుకుంది. తర్వాత రేవు మెట్టు మీద నిలబడి పాదాలు తడుపుకుంది. శిబిరం ఆఖరి రోజుల్లో, "మామ్మ దగ్గరికి పోతా, పడవెక్కుతాలే" అంది. మాస్టారు అందరికీ మరమరాలు పంచారు.

నాకు మాత్రం కొత్త దిగులు పట్టుకుంది. కాలవలో చప్పటి నీళ్ళు. లంక దగ్గర నది అలా కాదు, సముద్రం పక్కనే. వరద రాకముందు అక్కడ నీళ్ళు ఉప్పగా ఉంటాయి. పిల్ల అడక్కుండా ఉండదు. మాస్టారుని అడిగితే, "ఏదో ఒకటి చెప్పి ఎక్కించమ్మా, పిల్ల ఇల్లు చేరితే అంతే చాలు" అన్నారు. అబద్ధం ఆడదామని నేనూ నిశ్చయించుకున్నాను.

బస్సులో కిటికీ పక్క సీటు తనకిచ్చాను. పులిగడ్డ దగ్గర వంతెన మీద నది దాటుతుంటే కళ్ళు మూసుకుని నా చెయ్యి పట్టుకుంది. నేను లోపల చప్పగా ఉన్నాయే, చప్పగా ఉన్నాయే అని వల్లె వేసుకుంటున్నాను. నాగాయలంకలో దిగి రేవుకి నడిచాం. మామ్మ పడవలో వచ్చి ఎదురు చూస్తోంది. మనవరాల్ని చూసి రెండడుగులు వేసి ఆగిపోయింది, దగ్గరికి వస్తే ఎక్కడ వెనక్కి పోతుందోనని.

పిల్ల నీటి అంచుదాకా నడిచి నిలబడింది. నావైపు తిరిగింది.

"ముందు నువ్వు తాగి చూడక్కా."

వంగి వేలు ముంచాను. నాలిక మీద ఉప్పు. అనుకున్న మాట నోటిదాకా వచ్చింది. ఆ వేసవంతా నా మొహం చూసి నీళ్ళు తాగిన కళ్ళు నన్నే చూస్తున్నాయి. చెప్పలేకపోయాను.

"ఉప్పేనే" అన్నాను.

మామ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. అంతా నేనే చెడగొట్టానని నాకు ఏడుపొచ్చింది. పిల్ల నీళ్ళ వైపు చూసింది, మామ్మ వైపు చూసింది. తనూ వంగి వేలు ముంచి నాలికకి రాసుకుంది. మొహం చిట్లించింది.

"చప్పగా ఉన్నాయంటావనుకున్నా" అంది నాతో.

తర్వాత గౌను పైకెత్తి పట్టుకుని, ఆ ఉప్పునీళ్ళలోంచే నడిచి, పడవెక్కింది. మామ్మ పరుగున వెళ్ళి వెనకే ఎక్కింది. పడవవాడు ముందున్న ఎత్తు బల్ల చూపించి అక్కడ కూర్చోమన్నాడు. పిల్ల ఆ బల్ల దాటి వెళ్ళి, పడవ అడుగున, మామ్మ కాళ్ళ దగ్గర చతికిలబడి కూర్చుంది.